నిజమైన పిచ్చి, నటించిన పిచ్చి: విషాద నాటకాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో డిగ్రీ, పీజీ తరగతుల్లో షేక్‌స్పియర్ చదువుతున్న విద్యార్థులూ, పరిషత్తు పోటీలకు విషాద నాటకాల్లోని సన్నివేశాలను తెలుగులో సిద్ధం చేసుకుంటున్న సమాజాలవారూ పిచ్చి పాత్రల దగ్గరికి వచ్చేసరికి ఏటా ఇవే సందేహాలు అడుగుతున్నారు. వాటిని పని సాగే దశల ప్రకారం ఇక్కడ కూర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## చదవడం మొదలుపెట్టే ముందు

రంగస్థలం మీద అంతా నటనే కదా, మరి నిజం పిచ్చి, నటించిన పిచ్చి అని రెండు రకాలు ఎలా అవుతాయి?

ఈ తేడాను నటుడిలో కాక పాత్రలో వెతకాలి. పాత్రకు తన మతి మీద పట్టు తప్పితే అది నిజమైన పిచ్చి. పట్టు ఉండగానే ఎదుటివారికి పిచ్చివాడిలా కనబడాలని పాత్ర తీర్మానించుకుంటే అది నటించిన పిచ్చి. ఈ రెండింటినీ విడదీయడానికి నేను ఒక ప్రశ్ననే నమ్ముకుంటాను: ఈ మాటలు ఎవరి చెవిన పడాలని పాత్ర అంటోంది? దొంగ పిచ్చికి ఎప్పుడూ ఒక శ్రోత ఉంటాడు. రాజో, మంత్రో, వేగులవాడో చూస్తున్నాడన్న ఎరుకతోనే ఆ మాటలు పుడతాయి, ఆ మనిషి వేదిక దిగిపోగానే ఆగిపోతాయి. నిజంగా మతి చలించిన పాత్ర ఎదుట ఉన్నవారిని దాటిపోయి, చనిపోయిన తండ్రితోనో, తనను వీధిపాలు చేసిన కూతుళ్లతోనో మాట్లాడుతుంది. అందుకే పిచ్చి మాటలకు అర్థం వెతకడం మొదలుపెట్టే ముందు, ఆ క్షణంలో వేదిక మీద ఎవరెవరు ఉన్నారో పుస్తకం అంచున రాసుకోండి.

విషాద నాటకాల్లోనే పిచ్చి ఇంత ఎక్కువగా ఎందుకు కనిపిస్తుంది?

మనిషి ఎంతవరకు భరించగలడో తేల్చుకోవడమే విషాద నాటకం పని కాబట్టి, ఆ హద్దు దాటినప్పుడు మతి చలించడం కథలో సహజంగానే వస్తుంది. దీనికి తోడు, రాజసభల్లో నిజం పలికితే తల పోయే కథల్లో ఆ నిజాన్ని పైకి అనగలిగే చనువు విదూషకుడికీ పిచ్చివాడికీ మాత్రమే ఉంటుంది. నాటకకర్తలు ఆ చనువును పూర్తిగా వాడుకున్నారు.

మన నాట్యశాస్త్రంలో పిచ్చి గురించి ఏమైనా చెప్పారా?

చెప్పారు, అదీ నటుడికి నేరుగా పనికొచ్చేలా చెప్పారు. వచ్చిపోయే భావాలైన 33 వ్యభిచారిభావాల్లో ఉన్మాదం ఒకటి. ఇష్టమైనవారి ఎడబాటు, సంపద నాశనం, దెబ్బ తగలడం, వాత పిత్త శ్లేష్మాల ప్రకోపం దీనికి కారణాలు. కారణం లేకుండా నవ్వడం, ఏడవడం, అరవడం, పొంతన లేకుండా మాట్లాడడం, ఉన్నట్టుండి లేవడం, పరుగెత్తడం, పాడడం, బూడిదా దుమ్మూ పూసుకోవడం, గడ్డిపరకలనూ వాడిన నిర్మాల్యాన్నీ పెంకుముక్కలనూ నగల్లా ధరించడం దీనికి గుర్తులు. ఈ జాబితా చదివి 'కింగ్ లియర్' 4వ అంకం తెరిస్తే, పొలాల్లోని కలుపు మొక్కలనూ అడవిపూలనూ తలకు చుట్టుకుని తిరిగే రాజు కనిపిస్తాడు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. వేరు వేరు దేశాల్లో, వేరు వేరు కాలాల్లో మనిషిని శ్రద్ధగా చూసినవారికి ఒకటే కనిపించింది. ఉన్మాదం వచ్చిపోయే భావం కాబట్టి దానంతట అది రసం కాలేదు. వెనక నిలిచి ఉండే మూలభావం, అంటే స్థాయి, శోకమైతే కరుణానికీ, రతి అయితే ఎడబాటు శృంగారమైన విప్రలంభానికీ అది పోషకమవుతుంది. ఏ పిచ్చి పాత్రను చేపట్టినా ముందు ఆ స్థాయిని పట్టుకోవాలి.

సంస్కృత నాటకాల్లో దొంగ పిచ్చి వేషం ఉందా?

ఉంది. భాసుడి 'ప్రతిజ్ఞాయౌగంధరాయణం'లో వత్సరాజు ఉదయనుణ్ని మాయ ఏనుగుతో పట్టి ఉజ్జయినిలో బంధిస్తే, అతణ్ని విడిపించడానికి మంత్రి యౌగంధరాయణుడు పిచ్చివాడి వేషంలో ఆ నగరంలోకి చొరబడతాడు. 3వ అంకంలో జనం ఉన్నంతసేపూ లడ్డూల గొడవ పెట్టుకుని వెర్రి మాటలు మాట్లాడతాడు. పక్కన ఎవరూ లేరని తేలాక అదే నోట రాజనీతి వస్తుంది. ఇది విషాదాంతం కాదు. ఇందులోని పిచ్చి వేషం పని కాగానే చెమ్కీ చొక్కా విప్పినంత తేలికగా దిగిపోతుంది, కట్టినవాడి మీద మచ్చ మిగలదు. ఇక నిజమైన ఉన్మాదానికి కాళిదాసు 'విక్రమోర్వశీయం' 4వ అంకం చూడండి. లతగా మారిపోయిన ఊర్వశి కోసం పురూరవుడు నెమలినీ, కోయిలనూ, హంసనూ, ఏనుగునూ అడుగుతూ అడవంతా తిరుగుతాడు.

ఆదిభట్ల నారాయణదాసు గారు షేక్‌స్పియర్‌ను రసాల ప్రకారం చూశారని విన్నాము. అది ఈ విషయానికి పనికొస్తుందా?

తప్పకుండా పనికొస్తుంది. విజయనగరం సంగీత కళాశాలకు తొలి ప్రధానాచార్యులైన నారాయణదాసు గారు (1864–1945) 'నవరస తరంగిణి'లో కాళిదాసు, షేక్‌స్పియర్ నాటకాల్లోని ఘట్టాలను రసాల వారీగా పక్కపక్కన పెట్టి తెలుగు చేశారు. పిచ్చి దృశ్యాలను అర్థం చేసుకోవడానికి ఈ చూపు అక్కరకొస్తుంది. ఒకే దృశ్యంలో హాస్యం, బీభత్సం, కరుణం గబగబా మారిపోతుంటాయి. అలా మారే చోటు ఎక్కడో గుర్తించిన నటుడికి సగం పని అయిపోయినట్టే. మన జిల్లాలో పుట్టిన పనిని మన విద్యార్థులే ఎక్కువగా చదవాలన్నది నా కోరిక.

## నాటకం చేతిలోకి తీసుకున్నాక

హామ్లెట్‌కు ఇంతకీ పిచ్చి ఉందా, లేదా? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో అయితే, లేదు. తండ్రిని చంపింది ఇప్పుడు రాజైన పినతండ్రి క్లాడియస్ అని తండ్రి ప్రేతం చెప్పాక, 1వ అంకం 5వ రంగంలో అతను మిత్రుడు హొరేషియోకు ముందుగానే చెబుతాడు: ఇకమీదట నేను వింతగా ప్రవర్తించవచ్చు, మీకు సంగతి తెలుసునని ఎవరికీ సూచన ఇవ్వకండి అని ఒట్టు వేయించుకుంటాడు. మంత్రి పొలోనియస్ ఎదుటా, రాజు పంపిన పాత మిత్రుల ఎదుటా మాటలు అడ్డదిడ్డంగా వస్తాయి. ఒంటరిగా మిగలగానే స్వగతాలు ఎంతో స్పష్టంగా, పద్యంలో నడుస్తాయి. 3వ అంకం 4వ రంగంలో తల్లితో, నాది నిజం పిచ్చి కాదు, పన్నాగం అని తానే ఒప్పుకుంటాడు.

అయితే ఆ ముసుగు కింద ఉన్న మనిషి కులాసాగా ఉన్నాడని అనుకోకూడదు. ప్రేతం కనబడక ముందే అతనికి బతుకు రోసింది. తెర వెనక ఎవరున్నారో చూడకుండానే కత్తి దూసి పొలోనియస్‌ను చంపుతాడు. మొదటి అంకంలో కావలివారికీ హొరేషియోకూ కనబడిన ప్రేతం, తల్లి గదిలో అతని ఒక్కడికే కనబడుతుంది, రాణికి కనబడదు. చివరి రంగంలో పొలోనియస్ కొడుకు లెయర్టీజ్‌ను క్షమాపణ అడుగుతూ, నీకు అన్యాయం చేసింది హామ్లెట్ కాదు, అతని పిచ్చి అంటాడు. అది సాకా, తన మీద తనకు కలిగిన నిజమైన అనుమానమా అన్నది నాటకం తేల్చదు. నా అభిప్రాయం ఇది: వేసుకున్న వేషం దొంగది, దాని కింద ఉన్న దుఃఖం అసలుది. దుఃఖం వేషంలోకి ఊరుతూ ఉండడం వల్లనే చూసేవారికి ఇంత తికమక కలుగుతుంది.

పిచ్చివాడిలా నటించడం వల్ల హామ్లెట్‌కు లాభం ఏమిటి? రాజుకు అనుమానం పెరిగింది గాని తగ్గలేదు కదా?

మీ అనుమానం సబబే. కారణం పాత కథలో దొరుకుతుంది. 1200 ప్రాంతంలో సాక్సో గ్రమాటికస్ లాటిన్‌లో రాసిన డెన్మార్క్ చరిత్రలో ఈ రాకుమారుడి పేరు ఆమ్లెత్. అక్కడ పినతండ్రి చేసిన హత్య అందరికీ తెలుసు. ఎదిగితే పగ తీర్చుకుంటాడన్న భయంతో పిల్లవాణ్ని కూడా చంపే ప్రమాదం ఉంది. కాబట్టి అతను మతిలేనివాడిలా బూడిదలో కూర్చుని, కర్రలతో కొక్కేలు చెక్కి మంటలో కాల్చి గట్టిపరుస్తూ ఉంటాడు. అందరూ నవ్వుతారు. చివరికి తాగి పడిపోయిన సభికుల మీద తెరలు పడేసి, ఆ కొక్కేలతోనే కదలకుండా బిగించి మందిరానికి నిప్పు పెడతాడు. ప్రాణం కాపాడుకోవడానికి అక్కడ ఆ పిచ్చి తప్పనిసరి.

షేక్‌స్పియర్ హత్యను గుట్టుగా, చెవిలో పోసిన విషంగా మార్చాడు. అంతటితో ఆ పిచ్చికి రక్షణగా ఉండే అవసరం పోయింది, కొత్త పని వచ్చింది: సభలో ఎవరూ అనలేని మాటలను హామ్లెట్ అనగలుగుతున్నాడు. కానీ క్లాడియస్ తెలివైనవాడు. 3వ అంకం 1వ రంగంలో చాటునుంచి విన్నాక, అతని మాటలకు కాస్త పొంతన తక్కువైనా అది పిచ్చిలా లేదు అని తేల్చి, ఇంగ్లండు పంపేయడానికి ఏర్పాటు చేస్తాడు.

ఒఫీలియా పిచ్చి మాటల్లో అర్థం వెతకవచ్చా, లేక ఊరికే వాగుతోందా?

వెతకవచ్చు. కానీ వెతికేవాళ్ల గురించి నాటకమే ముందుగా ఒక హెచ్చరిక ఇస్తుంది. 4వ అంకం 5వ రంగంలో ఆమె రాకముందే ఒకరు రాణితో, ఆమె మాటల్లో ఏమీ లేదు గాని వినేవాళ్లు ఆ తునకలను తమ తమ ఆలోచనలకు సరిపడేలా అతికించుకుంటున్నారు అంటారు. రాణి మొదట ఆమెను చూడనే చూడనంటుంది. తప్పు చేసిన సభకు ఆ అమ్మాయి ఏం బయటపెడుతుందోనన్న బెరుకు అది.

ఆమె వచ్చి పాటలు పాడుతుంది. ఒకటి చనిపోయి మట్టిలో కలిసినవాడి పాట, మరొకటి ప్రియుణ్ని నమ్మి మోసపోయిన పిల్ల పాట. తండ్రి పొలోనియస్ చావూ హామ్లెట్ విడిచిపోవడమూ ఆ పాటల్లో ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అంతవరకు తండ్రి చెప్పినట్టు, అన్న చెప్పినట్టు నడుచుకున్న పిల్ల నోట, నిండు సభలో రాకూడని మోటు పాట వస్తుంది, ఎవరూ ఆపలేకపోతారు. రెండోసారి వచ్చినప్పుడు పూలు పంచుతుంది: జ్ఞాపకానికి రోజ్‌మేరీ, తలపులకు పాన్సీ, ఆ తర్వాత ఫెనెల్, కొలంబైన్, రూ, డైసీ. రూ ఇచ్చేటప్పుడు, నీకు కొంత, నాకు కొంత అని తన వాటా ఉంచుకుంటుంది. పశ్చాత్తాపానికి గుర్తైన ఆ మొక్కను ఆమె ఎందుకు ఉంచుకుందో ఎంత ఆలోచించినా తరగదు. వయొలెట్లు ఇద్దామనుకున్నాను, మా నాన్న పోయినప్పుడే అన్నీ వాడిపోయాయి అంటుంది. ఏ పువ్వు ఎవరి చేతికి వెళ్లాలో నాటకం చెప్పలేదు, అవి నిజం పూలా, ఖాళీ చేతులా అన్నదీ చెప్పలేదు. హామ్లెట్ ఎన్ని స్వగతాలు పలికాడో గుర్తు చేసుకోండి. ఈ అమ్మాయికి తన మనసు చెప్పుకునే చోటు ఇదొక్కటే దొరికింది.

'కింగ్ లియర్'లో ముగ్గురు పిచ్చివాళ్లను ఒకే గుడిసె దగ్గర ఎందుకు చేర్చారు?

మూడు రకాల పిచ్చిని ఒకే వెలుతురులో నిలబెట్టడానికి. 3వ అంకంలో తుపాను రాత్రి ఆ గుడిసె దగ్గర చేరిన ముగ్గురిలో కూతుళ్లకు రాజ్యమంతా పంచిచ్చి వీధిన పడ్డ రాజు లియర్‌ది కళ్లెదుటే ముంచుకొస్తున్న నిజమైన ఉన్మాదం, ఒక ప్రభువు కొడుకైన ఎడ్గర్‌ది ప్రాణభయంతో కట్టిన వేషం, విదూషకుడిది జీతానికి చేసే వెర్రితనం. ఎడ్గర్ తన వేషాన్ని 2వ అంకంలో మన ఎదుటే నిర్ణయించుకుంటాడు: ముఖానికి మురికి పూసుకుని, జుట్టు చిక్కులు కట్టించి, నడుముకు కంబళి చుట్టుకుని, చేతుల్లో ముళ్లూ మేకులూ గుచ్చుకునే బెడ్లం బిచ్చగాళ్లలా అడుక్కుంటూ తిరుగుతానంటాడు. బెడ్లం అంటే లండన్‌లోని బెత్లెం పిచ్చాసుపత్రి. అతను వల్లించే దెయ్యాల పేర్లలో చాలావాటిని షేక్‌స్పియర్ 1603లో శామ్యూల్ హార్స్‌నెట్ అచ్చువేసిన ఒక పుస్తకం నుంచి తీసుకున్నాడు. దెయ్యాలు వదిలిస్తామని చెప్పి చేసే మోసాలను ఎండగట్టిన పుస్తకం అది. దొంగ పూనకాల పుస్తకం నుంచి దొంగ పిచ్చివాడికి మాటలు దొరికాయన్నమాట.

ఇక ఆ గుడిసె ముందు జరిగేది దగ్గరగా చూడండి. వణుకుతూ బయటికి వచ్చిన ఎడ్గర్‌ను చూడగానే లియర్ అడిగే మొదటి ప్రశ్న: నువ్వు కూడా నీ కూతుళ్లకు అంతా ఇచ్చేశావా? రాజుకు నమ్మినబంటు కెంట్ సర్దిచెప్పబోతాడు, అతనికి కూతుళ్లు లేరు దొరా అని. రాజు ఒప్పుకోడు. కూతుళ్ల కఠినత్వం తప్ప మనిషిని ఇంత దిగజార్చేది వేరే ఏముంటుందని కసురుకుంటాడు. తన గాయం తప్ప మరో గాయం లోకంలో లేదనుకోవడంలోనే నిజమైన పిచ్చి బయటపడుతుంది. కాసేపటికి, ఒంటి మీద ఏమీ లేని ఈ మనిషే అసలు మనిషి అంటూ తన బట్టలు కూడా పీక్కోబోతాడు. రాజు ఒక నటుణ్ని చూసి నిజం నేర్చుకున్నాడు, ఆ నిజం మాత్రం బూటకం కాదు.

ఎడ్గర్ వైపు నుంచి చూస్తే ఇది ఇంకా కష్టమైన దృశ్యం. 6వ రంగంలో లియర్ అక్కడ లేని కూతుళ్లను పిలిచి విచారణ జరుపుతుంటే ఎడ్గర్ చాటుగా, నా కన్నీళ్లు ఈయన పక్షం చేరి నా వేషాన్ని చెడగొడుతున్నాయి అనుకుంటాడు. 4వ అంకంలో కళ్లు పోగొట్టుకున్న తన తండ్రి ఎదురైనప్పుడు, ఇక ఈ నటన నావల్ల కాదు అంటాడు, అయినా కొనసాగిస్తాడు. ఆ విచారణ 1608 నాటి ముద్రణలో ఉంది, 1623 నాటి సంపుటంలో లేదు. మీ చేతిలో ఉన్న పాఠం ఏదో చూసుకోండి.

లేడీ మాక్బెత్ మూర్ఛపోవడం నటన అంటారు, నిద్రలో నడవడం నిజం అంటారు. ఎలా నమ్మాలి?

2వ అంకంలో రాజు డంకన్ హత్య బయటపడ్డాక, మాక్బెత్ కావలివారిని ఎందుకు చంపాడో అతిగా వివరిస్తున్న సమయంలో ఆమె, నన్ను ఇక్కడి నుంచి తీసుకెళ్లండి అంటుంది. అందరి చూపూ భర్త మీద నుంచి మళ్లించడానికే ఆ పని చేసిందని కొందరూ, నెత్తుటి వర్ణన విని నిజంగానే తట్టుకోలేకపోయిందని మరికొందరూ అంటారు. రెండు విధాలుగానూ నటించవచ్చు. 5వ అంకం 1వ రంగంలో మాత్రం అనుమానానికి తావు లేదు. కళ్లు తెరిచే ఉంటాయి, చూపు ఉండదు. వైద్యుడూ దాసీ పక్కనే నిలబడి మాట్లాడుకుంటున్నా ఆమెకు వినబడదు. లేని మరకను కడుగుతూ, పాత రాత్రుల మాటలు వరస తప్పి వచనంలో పలుకుతుంది. ఈమెకు వైద్యుడికంటే దైవం అవసరం ఎక్కువ అని వైద్యుడు చేతులెత్తేస్తాడు.

గ్రీకు నాటకాల్లో దేవతలే పిచ్చి పట్టిస్తారు కదా, అప్పుడు పాత్ర తప్పేమీ లేనట్టేనా?

దేవత పట్టించినా అనుభవించేది మనిషే. సోఫోక్లీస్ 'ఏజాక్స్'లో దేవత అథీనా కమ్మిన మాయలో వీరుడు ఏజాక్స్ పశువుల మందను శత్రువులనుకుని నరుకుతాడు. ఆ మైకంలో అతను సంతోషంగానే ఉన్నాడనీ, తెలివి వచ్చాక తామిద్దరమూ దుఃఖంలో పడ్డామనీ అతనితో ఉండే టెక్‌మెస్సా చెబుతుంది. ఇక్కడ పిచ్చికంటే తెలివి రావడమే పెద్ద శిక్ష. యూరిపిడీస్ 'బాకే' చివర అగేవే సింహపు పిల్లను వేటాడానని మురిసిపోతూ కన్నకొడుకు పెంథియస్ తలను పట్టుకుని వస్తుంది. తండ్రి కాడ్మస్ ఆమెను ఒక్కసారిగా కుదపడు. ముందు ఆకాశం వైపు చూడమంటాడు, అది ఎప్పటిలాగే ఉందా అని అడుగుతాడు, తర్వాత నీ పెళ్లి ఎవరితో జరిగింది, నీ కొడుకు పేరేమిటి అని ఒక్కొక్క మెట్టూ దింపుతాడు. ఆఖరున, నీ చేతిలో ఉన్నది ఎవరి ముఖం అంటాడు. పిచ్చి దిగడాన్ని ఇంత ఓపికగా చూపించిన దృశ్యం మరొకటి నేను చదవలేదు.

నటిస్తూ నటిస్తూ నిజంగా పిచ్చిలో చిక్కుకున్న పాత్రలు ఉన్నాయా?

థామస్ కిడ్ రాసిన 'స్పానిష్ ట్రాజెడీ'లో కొడుకును పోగొట్టుకున్న న్యాయాధికారి హీరోనిమో ఆ సరిహద్దులోనే తిరుగుతాడు. ఒక పూట, న్యాయం కోసం వచ్చినవారి అర్జీలను పళ్లతో చింపేసి, వారిలో ఉన్న ముసలివాణ్ని తన కొడుకే అనుకుంటాడు. మరొక పూట హంతకులతో నవ్వుతూ మాట్లాడి, వారి చేతనే నాటకం ఆడించి పగ తీర్చుకుంటాడు. ఈ ప్రశ్నను కొస వరకు తీసుకుపోయినవాడు ఇటలీ నాటకకర్త పిరాండెల్లో. అతని 'నాలుగవ హెన్రీ' (1922)లో నాయకుడు వేషాల ఊరేగింపులో గుర్రం మీద నుంచి పడి, తాను వేసిన చక్రవర్తి వేషమే తానని 12 ఏళ్లు నమ్ముతాడు. తెలివి వచ్చాక కావాలనే మరో 8 ఏళ్లు పిచ్చివాడిగా నటిస్తాడు. చివర ఒక మనిషిని కత్తితో పొడిచాక, శిక్ష తప్పాలంటే బతికినంతకాలం ఆ వేషంలోనే ఉండక తప్పదు.

## రిహార్సల్‌లో

పిచ్చి సీన్ అంటే జుట్టు విరబోసుకుని, కళ్లు తిప్పుతూ, గట్టిగా నవ్వాలా?

అక్కర్లేదు. 1603 నాటి 'హామ్లెట్' ముద్రణలో ఒఫీలియా జుట్టు విరబోసుకుని, ల్యూట్ వాయిస్తూ, పాడుతూ వస్తుందని సూచన ఉన్న మాట నిజమే. ఆ కాలపు ప్రేక్షకుడికి ఆ గుర్తు చాలు. మన దగ్గర ఆ గుర్తుకు వేరే అర్థం ఉంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఊరూరా గ్రామదేవతల జాతరలు చూస్తూ పెరిగిన ప్రేక్షకుడు విరబోసిన జుట్టూ ఊగే తలా చూడగానే పూనకం అనుకుంటాడు. పూనకంలో ఉన్న మనిషిని జనం ప్రశ్నలు అడుగుతారు, అమ్మ పలికిందని తలవంచి వింటారు. అంటే ఆ మాటకు అధికారం ఉంది. ఒఫీలియా మాటకు ఏ అధికారమూ లేదు, అదే ఆమె విషాదం. కాబట్టి వేపమండలు, పసుపు, ఎర్రచీర, డప్పు దరువు దరిదాపులకు రానివ్వకండి. శుభ్రమైన చీర, ఒక్కచోట తప్పుగా దోపిన కుచ్చిళ్లు, స్థిమితంగా నడుస్తూ ఉన్నట్టుండి మరచిపోయే అడుగు ఎక్కువ పని చేస్తాయి. ఇదే సీమలో దొంగ భూతవైద్యాన్ని నవ్వించడానికి ఎలా వాడుకోవాలో 'కన్యాశుల్కం'లో పూజారి గవరయ్య చూపించాడు, 1892లో ఆ నాటకం మొదట ఆడింది విజయనగరంలోనే. విషాదానికి ఆ దారి సరిపడదు.

ఎడ్గర్ వేసే నటుడు దొంగ పిచ్చిని ఎంత బాగా నటించాలి? అతిగా చేయాలా?

కాస్త అతిగానే చేయాలి. ఎడ్గర్ ఊళ్లలో చూసిన బిచ్చగాణ్ని అనుకరిస్తున్నాడు కాబట్టి అతని పిచ్చికి ఒక నమూనా ఉంది, అలవాటైన పల్లవులు ఉన్నాయి. ఆ వేషంలో తన పేరు టామ్ అని చెప్పుకుంటాడు, టామ్‌కు చలేస్తోంది అన్న మాట మళ్లీ మళ్లీ రావడం అందుకే. లియర్ వేసే నటుడికి నమూనా ఉండకూడదు. ఒకే కదలికను రెండోసారి అదే విధంగా చేయకుండా జాగ్రత్తపడాలి. ఎడ్గర్ చాటుమాటల దగ్గర గొంతూ వెన్నూ ఒక్క క్షణం పూర్తిగా మామూలు కావాలి, ఆ వెంటనే మళ్లీ వంగాలి. లైటు మార్చి ఈ తేడా చూపిద్దామనుకునే దర్శకులు ఉన్నారు. నటుడి ఒంట్లో తేడా కనబడితే లైటు మార్చే పని ఉండదు.

ఒఫీలియా పాటలకు సినిమా బాణీ పెట్టవచ్చా?

వద్దు. అవి ఆ కాలపు జనం నోట ఉన్న పాటల తునకలు, అందుకే వినేవారికి గుండె కలుక్కుమంటుంది. ఇక్కడ కూడా ప్రేక్షకుడు చిన్నప్పుడు విన్న బాణీనే వెతకాలి. జముకుల కథలో శోకఘట్టాల వరస, దంపుళ్ల పాట, ఏదైనా ఫరవాలేదు. హార్మోనియం తోడు లేకుండా, పాట మధ్యలో తెగిపోయేలా పాడించండి. తూర్పు భాగవతంలో భామవేషం కట్టిన అనుభవం ఉన్నవారు దొరికితే, పాటలో ఒక మనఃస్థితిని నిలిపి ఉంచడం ఎలాగో అడిగి నేర్చుకోండి. అయితే ఆ అభినయపు నిండుతనాన్ని మాత్రం ఇక్కడికి తేకూడదు.

## ప్రదర్శనకు ముందూ, ఆ తర్వాతా

పిచ్చి సీన్‌లో ప్రేక్షకులు నవ్వితే ఏం చేయాలి?

దొంగ పిచ్చి దగ్గర నవ్వితే కంగారు పడకండి, అక్కడ నవ్వు ఉంది. 'హామ్లెట్' 5వ అంకంలో గోతులు తవ్వేవాడు, రాకుమారుణ్ని ఇంగ్లండు పంపారు, అక్కడ అందరూ అతనిలాంటి పిచ్చివాళ్లే కాబట్టి తేడా తెలియదు అంటే లండన్ ప్రేక్షకులే నవ్వాలని రాసిన మాట అది. నిజమైన పిచ్చి దగ్గర నవ్వు వస్తే చాలాసార్లు తప్పు పక్కనున్న పాత్రలది. 'ఏజాక్స్' మొదట్లో అథీనా శత్రువు పతనాన్ని చూసి నవ్వుకోమని ఒడీసియస్‌కు అవకాశం ఇస్తే, అతను నవ్వలేక జాలిపడతాడు. ఆ జాలి చూసి ప్రేక్షకుడు కూడా నోరు మూసుకుంటాడు. వేదిక మీద చూసేవారి ముఖాలను సరిదిద్దండి.

ఇలాంటి పాత్రలు వేయడం మానసిక జబ్బు ఉన్నవారిని కించపరచడం కాదా?

చేసే తీరును బట్టి ఉంటుంది. వీధిలో తిరిగే ఒక ఫలానా మనిషి నడకనో నత్తినో అనుకరించి చప్పట్లు కొట్టించుకుంటే అది ముమ్మాటికీ కించపరచడమే, మన చిన్న ఊళ్లలో ఆ మనిషి ఎవరో అందరికీ తెలిసిపోతుంది కూడా. పాత్రకు ఏం జరిగిందో అక్కడి నుంచి మొదలుపెడితే ఆ ప్రమాదం ఉండదు. పాత్రకు ఆధునిక జబ్బు పేరు తగిలించడం కూడా నాకు ఇష్టం ఉండదు. లియర్ పిచ్చి వైద్యుడి గదిలో మొదలవలేదు, కూతుళ్ల గుమ్మాల ముందు మొదలైంది.

పరీక్షలో 'హామ్లెట్ పిచ్చి నిజమా, నటనా' అని వస్తే ఏ పక్షం తీసుకోవాలి?

ఏ పక్షమైనా తీసుకోండి, రంగం పేరు చెప్పకుండా మాత్రం ఒక్క వాక్యం కూడా రాయకండి. నటన అనేవారు 1వ అంకం 5వ రంగాన్నీ తల్లి గదినీ చూపాలి. నిజం అనేవారు పొలోనియస్ హత్యనూ, లెయర్టీజ్‌కు చెప్పిన క్షమాపణనూ చూపాలి. ఎదుటి పక్షానికి ఉన్న గట్టి ఆధారాన్ని మీరే ఎత్తి జవాబు చెబితే దిద్దేవారికి మీరు నాటకం చదివారని తెలుస్తుంది.

పరిషత్తులో ఒక్క సన్నివేశమే చేయగలం. ఏది ఎంచుకోమంటారు?

'కింగ్ లియర్' 4వ అంకం 7వ రంగం, రాజు నిద్ర లేచే దృశ్యం చేయండి. పాత్రలు తక్కువ, సెట్టింగు ఒక కుర్చీ. అరుపులు లేవు. నన్ను చూసి నవ్వకండి, ఈమె నా బిడ్డ కార్డీలియా అనిపిస్తోంది అని ఎనభై దాటిన రాజు తడబడుతూ అంటాడు. నన్ను ద్వేషించడానికి నీకు కారణం ఉంది అన్నప్పుడు ఆమె, ఏ కారణమూ లేదు, ఏ కారణమూ లేదు అంటుంది. కార్డీలియాకు మాటలు చాలా తక్కువ కాబట్టి, డైలాగు బాగా చెప్పే అమ్మాయికంటే ఎదుటివారి మాట బాగా వినగలిగే అమ్మాయిని ఆ పాత్రకు తీసుకోండి.